పద్మిని కారు ఎత్తును ఎంతవరకు దించవచ్చు? రోజూ నడిపే బండికి, తక్కువ ఖర్చులో

పటమట పద్మిని (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు 1986లో కొన్న ప్రీమియర్ పద్మిని కారు ఇప్పుడు నా చేతికి వచ్చింది. ఇంజిన్ పని, టింకరింగ్, రంగు పూర్తయ్యాయి. పటమట నుంచి కనకదుర్గ వారధి మీదుగా మంగళగిరిలోని ఆఫీసుకు రోజూ దీనిలోనే వెళ్ళి వస్తున్నాను. బండి బాగానే నడుస్తోంది కానీ, చక్రానికీ మడ్‌గార్డు అంచుకూ మధ్య ఉన్న ఖాళీ చూస్తే మునివేళ్ళ మీద నిలబడ్డ మనిషిలా కనిపిస్తోంది. రెండు అంగుళాలు దించితే చూడముచ్చటగా ఉంటుందని నా కోరిక. ఈ పనికి 30,000 రూపాయలకు మించి పెట్టలేను.

ఆటోనగర్‌లో ఒకరిని అడిగితే, ముందు కాయిల్ స్ప్రింగులను గ్యాస్ కటింగ్‌తో రెండేసి చుట్లు కోసి, వెనక కమానుల్లో (లీఫ్ స్ప్రింగుల్లో) ఒక్కో పట్టీ తీసేసి, సాయంత్రానికల్లా బండి చేతికిస్తానన్నారు. ఆదివారాల్లో అమ్మానాన్నలనూ పిల్లలనూ ఎక్కించుకుని గుంటూరు వెళ్తుంటాము కాబట్టి వెనక సీటు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఇలా తిరిగే బండికి ఆయన చెప్పిన పద్ధతి పనికివస్తుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

అరండల్‌పేట బుల్లోడు (గుంటూరు)

నిస్సందేహంగా చేయించండి. నా మిత్రుడి బండికి అలాగే కోయించాము. చూసినవాళ్ళందరూ ఆగి ఫొటోలు తీసుకుంటున్నారు. స్ప్రింగు అంటే ఇనుప కడ్డీయే కదా, ఒకటి రెండు చుట్లు తగ్గితే కొంప మునగదు.

తాడేపల్లి ఫియట్

బుల్లోడు గారూ, అది మామూలు ఇనుప కడ్డీ కాదు. కాచి, నూనెలో ముంచి, మళ్ళీ తగుమాత్రం వేడి చేసి పదును పెట్టిన ఉక్కు. గ్యాస్ మంట తగిలిన చోట ఆ పదును పోతుంది. కోసిన అంచుకు దగ్గరలోని చుట్టు కొన్నాళ్ళకు కుంగిపోతుంది, లేదా పెళుసెక్కి ఒకనాడు విరుగుతుంది. ఇంకొందరు అసలు కోయకుండా స్ప్రింగును బండి మీదే ఎర్రగా కాల్చి బరువుకు దానంతట అదే కుంగేలా చేస్తారు. అది అన్నిటికన్నా అధ్వాన్నం, ఎందుకంటే ఎడమా కుడీ ఒకేలా కుంగే అవకాశమే లేదు. కోయక తప్పకపోతే స్ప్రింగును బయటికి తీసి, గ్రైండర్‌కు పలుచని కటింగ్ చక్రం బిగించి, తడిగుడ్డతో చల్లబరుస్తూ కోయాలి. కోసిన అంచు చేత్తో తాకగలిగేంత చల్లగా ఉండాలి.

పటమట పద్మిని గారూ, ఇక చుట్ల లెక్కకు వస్తాను. పని చేసే చుట్లు తగ్గినకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది. ఎనిమిది చుట్లు పని చేసే స్ప్రింగులో ఒకటి తీసేస్తే మిగిలిన ఏడు చుట్ల స్ప్రింగు ఏడింట ఒక వంతు, అంటే దాదాపు 14 శాతం గట్టిపడుతుంది. రెండు తీసేస్తే 33 శాతం. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. పద్మినిలో ముందు స్ప్రింగు చక్రం మీద నేరుగా కూర్చోదు. చక్రాన్ని బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ మీద, చక్రానికి బాగా లోపలగా కూర్చుంటుంది. అది ఆర్మ్ నడిమధ్యన ఉందనుకుంటే, స్ప్రింగు దగ్గర 10 మి.మీ. తగ్గినప్పుడు చక్రం దగ్గర సుమారు 20 మి.మీ. తగ్గుతుంది. రెండు చుట్లు కోయడమంటే ఎంత దిగజారుతుందో మీరే ఊహించండి. నా మాట వింటే ముందు అర చుట్టు కోయించి, బిగించి, కొంత దూరం నడిపి, ఎత్తు కొలిచిన తరువాతే మిగతాది ఆలోచించండి. తీసింది తిరిగి అతికించలేము.

మరొక జాగ్రత్త. కోసిన తరువాత బండిని జాకీ మీద లేపి చక్రాన్ని వేలాడనివ్వండి. అప్పుడు స్ప్రింగు తన గూటిలో వదులుగా ఆడకూడదు. వదులైతే ఏదో ఒక గుంతలో పక్కకు జరిగి కూర్చుంటుంది. స్ప్రింగు బయటికి తీసేటప్పుడు దాన్ని నొక్కి పట్టే కంప్రెసర్ లేకుండా, లోయర్ ఆర్మ్ కింద జాకీ ఆనించకుండా బోల్టులు విప్పనివ్వకండి. ఒత్తిడిలో ఉన్న స్ప్రింగు ఎగిరి తగిలితే ప్రాణాపాయం.

కమాను కొలిమి (గుంటూరు)

ముందు భాగం గురించి పెద్దలు చెప్పారు కాబట్టి నేను వెనక భాగానికే పరిమితమవుతాను. మాది మూడు తరాలుగా లారీ కమానుల పని. మా తాతగారి రోజుల్లో ఫియట్లు (పద్మినికి పాత పేరు) కూడా వరుసగా వచ్చేవి.

కమానులో పట్టీ తీసేస్తే బండి దిగుతుంది, నిజమే. ఆరు పట్టీలు మోస్తున్న బరువును అయిదు మోయవలసి వస్తే, పట్టీలన్నీ ఒకే మందంలో ఉన్నాయనుకుంటే, ఒక్కొక్క దాని మీద ఒత్తిడి అయిదో వంతు పెరుగుతుంది. కమాను మెత్తబడుతుంది కూడా. ఖాళీ బండి సుఖంగా ఊగుతుంది. వెనక ముగ్గురు కూర్చుని డిక్కీలో సామాను పెట్టారంటే మాత్రం యాక్సిల్ (చక్రాల ఇరుసు) వెళ్ళి, దాన్ని బాడీకి తగలకుండా ఆపే బంప్ రబ్బరును గుద్దుతుంది. ఆ దెబ్బలు పడీ పడీ చివరికి అన్నిటికన్నా పొడుగైన మెయిన్ పట్టీ చివరి కన్ను దగ్గరో, పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరో విరుగుతుంది. మా దగ్గరికి వచ్చే విరిగిన పట్టీల్లో ఎక్కువ భాగం ఆ రెండు చోట్లే విరిగి ఉంటాయి.

దించడానికి సరైన పద్ధతి వంపు తగ్గించడం. కమానును పూర్తిగా విప్పి, ఒక్కొక్క పట్టీని మంట చూపకుండా చల్లగానే దిమ్మె మీద పెట్టి, కొద్దికొద్దిగా జరుపుతూ సుత్తితో కొట్టి వంపు తీయాలి. మెయిన్ పట్టీ వంపును నేల మీద సుద్దతో గీసుకుని, కింది పట్టీలను ఆ గీతకు సరిపోల్చుకుంటూ పోవాలి. ప్రతి కింది పట్టీకీ పై పట్టీకన్నా పిసరంత వంపు ఎక్కువ ఉండాలి. అప్పుడే బిగించినప్పుడు చివరలు ఒకదానినొకటి ఆనుకుని పని చేస్తాయి. ఇలా చేస్తే కమాను బలం తగ్గదు, ఎత్తు మాత్రమే తగ్గుతుంది. పట్టీల మధ్య తుప్పు గీకి, గ్రాఫైట్ గ్రీజు రాసి కట్టాలి. పాత బండి బిర్రుగా ఉండటానికి సగం కారణం ఆ తుప్పే.

పటమట పద్మిని

కొలిమి గారూ, ధన్యవాదాలు. యాక్సిల్‌కూ కమానుకూ మధ్య దిమ్మలు పెట్టి దించే పద్ధతి ఒకటి ఉందని విన్నాను. కమాను విప్పే పనే ఉండదని, కావాలంటే మళ్ళీ తీసేయవచ్చని అంటున్నారు. మా ఇంట్లో పాత టేకు దూలం ముక్క ఒకటి ఉంది. దానితో చేయించవచ్చా?

కమాను కొలిమి

టేకు వద్దు తమ్ముడూ. కర్ర ఎండకు కుంచించుకుపోతుంది, వానకు ఉబ్బుతుంది, ఒత్తిడికి నలుగుతుంది. అది ఒక్క మిల్లీమీటరు నలిగినా, యాక్సిల్‌ను కమానుకు బిగించి పట్టే యూ బోల్టు వదులవుతుంది. యూ బోల్టు వదులైతే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ అడ్డంగా జరుగుతుంది. దిమ్మ పెట్టాలనుకుంటే లేత్‌లో ఉక్కుతోనో, గట్టి అల్యూమినియంతోనో చేయించండి. దానికి కింద సెంటర్ బోల్టు తల కూర్చునే గుంత, పైన యాక్సిల్ సీటులో దిగే మొటిమ తప్పనిసరిగా ఉండాలి. యూ బోల్టులు కూడా దిమ్మ మందం మేర పొడుగువి కొత్తవి వేయాలి. పాతవాటికి నట్టు అర మర మాత్రమే పట్టినా సర్దుకుపోయే పనివాళ్ళు ఉన్నారు. అలాంటి చోట బండి ఇవ్వకండి.

ముందుగా బండి కిందికి దూరి ఒకటి చూడండి. కమాను యాక్సిల్‌కు కింద ఉందా, పైన ఉందా? కింద ఉంటేనే దిమ్మ పెట్టినప్పుడు బండి దిగుతుంది. యాక్సిల్ పైన కమాను కూర్చునే బండికి అదే దిమ్మ పెడితే దిగడానికి బదులు పైకి లేస్తుంది.

దిమ్మ మందం పెరిగినకొద్దీ గేరు వేసి లాగినప్పుడూ బ్రేకు వేసినప్పుడూ యాక్సిల్ కమానును మెలిపెట్టే శక్తి పెరుగుతుంది. అంగుళం దాకా నాకు అభ్యంతరం లేదు. రెండు అంగుళాలంటే నేను చేయను.

బ్రాడీపేట అంబాసిడర్ (గుంటూరు)

ఫియట్ వారి చర్చలో అంబాసిడర్ వాడు దూరినందుకు మన్నించాలి. మా బండికి ముందు కాయిల్ స్ప్రింగులు ఉండవు, మారిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన టార్షన్ బార్లు (మెలి తిరుగుతూ స్ప్రింగులా పని చేసే కడ్డీలు) ఉంటాయి. బార్ చివరి పళ్ళను ఒకటి రెండు జరిపి బిగిస్తే ముందు భాగం దిగుతుంది. కొనవలసిన సామాను ఏమీ లేదు, కూలి ఖర్చు మాత్రమే. అయితే బార్‌ను విప్పే ముందు దానిలోని మెలిక పూర్తిగా వదిలేలా ఆర్మ్‌ను జాకీ మీద ఆనించాలి. ఎడమ బార్‌ను కుడికి మార్చకూడదు, ఎందుకంటే ఒక్కొక్కటీ ఒకే దిశలో మెలి తిరగడానికి అలవాటు పడి ఉంటుంది. బార్ మీద గీత పడకుండా చూసుకోవాలి. పగులు ఆ గీత దగ్గరే మొదలవుతుంది.

పద్మినికి ఈ సౌకర్యం లేదు కాబట్టి ఇది మా బండి గొప్ప చెప్పుకోవడానికి రాసినట్టే అయింది.

తాడేపల్లి ఫియట్

ఇప్పటిదాకా ఎలా దించాలో మాట్లాడుకున్నాము. ఎంత దించాలన్నదే అసలు ప్రశ్న. చాలామంది దీనిని నేలకూ చాంబర్‌కూ (ఇంజిన్ అడుగున ఉండే నూనె తొట్టికి) మధ్య ఖాళీతో కొలుస్తారు. నా లెక్కలో అది రెండో విషయం.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉంటుంది. అది 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో ఒక ముక్క. పద్మిని వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2.34 మీటర్లు. నాలుగు చక్రాలూ ఆ వంపు మీద ఉన్నప్పుడు బండి కడుపు కిందికి పొడుచుకొచ్చే ఎత్తు 40 మి.మీ. మాత్రమే. అంత ఖాళీ ఏ బండికైనా ఉంటుంది. చిక్కల్లా కాలనీల్లో ఎవరికి వారు తారు పోసి కట్టుకున్న సన్నటి దిబ్బలతోనే. అడుగు వెడల్పున జానెడు ఎత్తు లేచిన దిబ్బ పూర్తి ఎత్తూ మీ సైలెన్సర్‌కు తగులుతుంది. అలాంటిది మీ వీధిలో ఉంటే ఈ చర్చ ఇక్కడితో ఆపేయవచ్చు.

మొదటి విషయం చక్రం పైకి లేవడానికి మిగిలే దూరం. మీరు దించే ప్రతి మిల్లీమీటరూ అందులోంచే పోతుంది. అది అయిపోతే బంప్ రబ్బరు తగులుతుంది, ఆ దెబ్బ నేరుగా బాడీకి వెళ్తుంది. ఎత్తు తగ్గించిన బండి, వెనకటి కన్నా తక్కువ దూరంలోనే అదే గుంత దెబ్బను మింగాలి కాబట్టి స్ప్రింగు గట్టిపడి తీరాలి. ముందు కోసిన కాయిల్ దానంతట అదే గట్టిపడుతుంది. వెనక పట్టీ తీసేస్తే అందుకు సరిగ్గా విరుద్ధంగా మెత్తబడుతుంది. మీకు ఆటోనగర్‌లో ఇచ్చిన సలహాలో ఉన్న లోపం ఇదే.

కొలవడం సులభం. బంప్ రబ్బరు మీద పిల్లలు ఆడుకునే రంగు బంకమట్టి ముద్దను అరచేతి వెడల్పంత మందాన అతికించండి. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని మామూలుగా తిరిగే దారిలో తిరిగి రండి. ముద్ద ఎంత మందానికి నలిగిందో చూస్తే, మీ దారిలో మీ బరువుతో ఎంత దూరం మిగిలి ఉందో తెలుస్తుంది.

నిబంధనల పుస్తకం (విజయవాడ)

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను అదే అర్థంలో వ్యాఖ్యానించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. మీ బండికి పదిహేనేళ్ళు ఎప్పుడో దాటాయి కాబట్టి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు అధికారి ముందు నిలబెట్టవలసిందే. రవాణా కార్యాలయంలో ముందుగా అడిగి, అవసరమైతే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడం మంచిది. బీమా సంస్థకు కూడా తెలియజేయండి.

కొందరు వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోమని సలహా ఇస్తారు. 2021లో వచ్చిన ఆ నిబంధనలు యాభై ఏళ్ళు దాటి అసలు రూపంలో ఉన్న వాహనాలకు మాత్రమే వర్తిస్తాయి. పైగా అలాంటి వాహనాన్ని రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. మీ అవసరానికి అది దారి కాదు.

అరండల్‌పేట బుల్లోడు

ఇన్ని సెక్షన్లు చదివాక బండి కాదు కదా, సైకిలు తొక్కడానికి కూడా భయం వేస్తోంది. ఎత్తు ఎంత ఉందని టేపు పట్టుకుని కొలిచే పోలీసును నేను ఇంతవరకు చూడలేదు.

నిబంధనల పుస్తకం

పోలీసు కొలవకపోవచ్చు. ప్రమాదం జరిగిన తరువాత వచ్చే బీమా సర్వేయరు మాత్రం తప్పక కొలుస్తాడు.

పటమట పద్మిని

చెప్పినట్టే చేశాను. ముందుగా సమతల నేల మీద నిలబెట్టి, చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు వైపులా కొలిచాను. ముందు ఎడమ వైపు కుడి కన్నా 18 మి.మీ. తక్కువగా ఉంది. వెనక రెండూ దాదాపు సమానమే. తరువాత బంకమట్టి ముద్దలు అతికించి, ఇంట్లో వాళ్ళందరితో కాజ టోల్ ప్లాజా దాటి లోపలి దారుల్లో తిరిగి వచ్చాము. ముందు వైపు ముద్దలకు ఏమీ కాలేదు. వెనక కుడి ముద్ద మాత్రం రెండు వేళ్ళ మందానికి, అంటే 30 మి.మీ.కు నలిగిపోయింది. దాని మీద యాక్సిల్ హౌసింగ్ అచ్చు స్పష్టంగా పడింది.

అంటే రెండు అంగుళాల కోరిక వదులుకోవలసిందేనా?

తాడేపల్లి ఫియట్

వెనక పూర్తి బరువుతో మిగిలింది 30 మి.మీ. అయితే 50 దించడానికి చోటెక్కడిది? రెండు అంగుళాలు మరిచిపోండి. వెనక 20, ముందు 25 దాకా ఆలోచించవచ్చు. ముందు ఎడమ స్ప్రింగు ఇప్పటికే అలసిపోయిందేమో తేల్చుకోవాలి. రెండు స్ప్రింగులనూ తీసి బల్ల మీద పక్కపక్కన నిలబెట్టి చూడండి. పొడవులో తేడా ఉంటే జత మార్చాలి. తేడా లేకపోతే ఆర్మ్ కీలులోని రబ్బరు బుష్‌లలో అరుగుదలో, స్ప్రింగు గూడులో తుప్పో ఉంటుంది. దాన్ని సరిచేయకుండా కోత మొదలుపెడితే ఆ వంకర అలాగే మిగిలిపోతుంది. 2023 అక్టోబరుతో ముంబై రోడ్ల మీద పద్మిని టాక్సీలు ముగిసిపోయాక అక్కడి నుంచి వచ్చే సామాను తగ్గింది కాబట్టి, మంచి జత దొరికితే బేరమాడకుండా తీసుకోండి. పాత జతను పారేయకండి. రేపు అధికారి అసలు ఎత్తు అడిగితే పనికొస్తుంది.

మీ 30,000లో ఎక్కువ భాగం కొత్త షాక్ అబ్జార్బర్లకూ రబ్బరు బుష్‌లకూ పోవాలని నా అభిప్రాయం. గట్టిపడిన స్ప్రింగును నీరసించిన షాక్ అబ్జార్బర్ అదుపు చేయలేదు. దించిన బండ్లు గుర్రంలా ఎగురుతాయనే మాట సగం అక్కడి నుంచే పుట్టింది. బుష్‌ల విషయంలో ఒక్కటి గట్టిగా చెప్పండి. బండి జాకీ మీద ఉన్నప్పుడు బోల్టులు వేళ్ళతోనే ఎక్కించి, చక్రాలు నేల మీద ఆనిన తరువాతే పూర్తిగా బిగించాలి. వేలాడుతున్నప్పుడే బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉండి కొద్ది నెలల్లో చీలుతుంది.

టైర్లు మార్చే సమయం దగ్గరపడితే అందులో కూడా కొంత ఎత్తు దొరుకుతుంది. 175/70 ఆర్14 టైరు వ్యాసం సుమారు 601 మి.మీ., 175/65 ఆర్14 టైరుది 583. అంటే బండి 9 మి.మీ. దిగుతుంది, చక్రం పైకి లేచే దూరం ఒక్క పిసరు కూడా తగ్గదు. స్పీడోమీటరు కాస్త ఎక్కువ చూపిస్తుంది. మీ రిమ్ వెడల్పుకు ఆ టైరు సరిపోతుందో లేదో దుకాణంలో చూపించుకోండి.

పని పూర్తయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పదు. ఆర్మ్‌ల కోణం మారగానే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారుతుంది, టైరు లోపలి అంచు అరగడం మొదలవుతుంది. హెడ్‌లైట్లు కూడా సరిచేయించండి. వెనక మాత్రమే 30 మి.మీ. దించితే 25 మీటర్ల దూరంలో లైటు 32 సెం.మీ. పైకి లేస్తుంది. జాతీయ రహదారి మీద ఎదురొచ్చేవాడికి అది నేరుగా కళ్ళలో పడుతుంది.

బ్రాడీపేట అంబాసిడర్

ఇంకొక చిన్న మాట. వానాకాలంలో గుంటూరు వస్తే మూడు వంతెనల దారి తప్పించుకోండి. అంగుళం తక్కువైన బండికి అక్కడ నిలిచే నీళ్ళు చాలా ఎక్కువ.

కమాను కొలిమి

తమ్ముడూ, మీ కొలతలు చూశాక వెనక విషయంలో నా సలహా కొంచెం మారుస్తున్నాను. వంపు మాత్రమే తగ్గిస్తే 20 మి.మీ. దిగుతుంది కానీ, నిండు బరువుతో మిగిలేది 10 మి.మీ. మాత్రమే. అది చాలదు. కాబట్టి పట్టీ తీయడం కాదు, కింద ఒక పొట్టి పట్టీ చేర్చి, ఆ పట్టీతో కలిపి మొత్తం వంపును ఇంకా తగ్గిస్తాను. ఖాళీ బండి మీరు కోరిన ఎత్తులో నిలబడుతుంది, మనుషులు ఎక్కినప్పుడు ఇప్పటికన్నా తక్కువ కుంగుతుంది. ఒంటరిగా వెళ్ళినప్పుడు వెనక కాస్త బిర్రుగా అనిపిస్తుంది. దానికి మీరు ఒప్పుకుంటేనే మొదలుపెడదాం.

పటమట పద్మిని

ఒప్పుకుంటున్నాను కొలిమి గారూ. నిబంధనల పుస్తకం గారు చెప్పినట్టు రవాణా కార్యాలయంలో అడిగి, వాళ్ళ సమాధానం వచ్చాకే బండి తీసుకువస్తాను. ముందు స్ప్రింగులు రెండూ తీసి కొలిచాక ఆ సంగతి కూడా ఇక్కడే రాస్తాను.

కమాను కొలిమి

మంచిది. వచ్చేటప్పుడు డిక్కీ ఖాళీ చేసి, పెట్రోలు సగం ట్యాంకు ఉంచుకుని రండి. అప్పుడే ఎత్తు సరిగ్గా తెలుస్తుంది. యూ బోల్టు కడ్డీ మందం, రెండు కాళ్ళ మధ్య దూరం, యాక్సిల్ గొట్టం చుట్టుకొలత ముందే పంపితే బోల్టులు వంచి సిద్ధంగా ఉంచుతాను. బిగించిన తరువాత కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి వచ్చి నట్లు బిగించుకు వెళ్ళాలి. దానికి డబ్బులు అడగను.

అరండల్‌పేట బుల్లోడు

కొలిమి గారూ, మీ కొట్టు గుంటూరు ఆటోనగర్‌లోనేనా? మిత్రుడి బండి స్ప్రింగు ఒకటి గూటిలో టకటకమంటోంది. ఒకసారి చూపించాలి.

కమాను కొలిమి

అక్కడే. నెమ్మదిగా నడుపుకుంటూ తీసుకురండి. దారిలో చక్రం వేలాడేలా జాకీ మాత్రం వేయకండి.